మూడు చిల్లుల కుండ

తెలుగు సంఘం కార్యదర్శి సత్యప్రసాద్ గారు ఫోన్ చేసి, "ఉమామహేశ్వరి గారూ, మీవారి గురించి మన సంచికకి నాలుగు మాటలు రాసివ్వండి. ఎమిరేట్స్ మొత్తానికి మనకున్న చరిత్రకారుడు ఆయనొక్కరే కదా" అన్నారు. చరిత్రకారుడట! ఆ చరిత్రకారుడి ప్యాంటు మడతల్లోంచి రాలే ఇసుక ఎవరు ఊడుస్తారో ఈయనకేం తెలుసు? సరే, రాస్తానన్నాను. రాసింది రాసినట్టు వేయాలనీ, మధ్యలో బహుముఖ ప్రజ్ఞాశాలి లాంటి మాటలు ఇరికించకూడదనీ షరతు పెట్టాను. ఒప్పుకున్నారు. ఇది చదివాక కూడా వేస్తారో లేదో చూడాలి.

మా ఆయన పేరు వేణుగోపాలరావు. దుబాయ్‌లో డేరా అనే పేటలో ఒక కన్సల్టెన్సీలో డ్రాఫ్ట్స్‌మన్. మా కాపురం అల్ కుసైస్‌లో. ఆయన పుట్టింది కృష్ణా జిల్లా ఘంటసాల పక్కన. అక్కడ పొలం దున్నితే పాతకాలం పెంకులు పైకొస్తాయి. అవి ఏరి జేబులు చించుకుని వాళ్లమ్మ చేత చీవాట్లు తిన్న పిల్లాడు, యాభై దాటినా అలాగే ఉండిపోయాడు. దుబాయ్ వచ్చిన కొత్తలో అందరూ బంగారం కొట్ల వెంట తిరుగుతుంటే ఈయన ఉమ్ అల్ క్వైన్‌లో ఖోర్ అనే సముద్రపు పాయ ఒడ్డున, ఆ ఉప్పుకయ్యల వెంబడి, తల వంచుకుని నడిచేవారు. నేను కారులో ఏసీ వేసుకుని కూర్చునేదాన్ని. నా పెళ్లయిన కొత్త షికార్లన్నీ అవే.

నవ్వులాటకి అంటున్నాను గానీ, ఆయన చేసింది తక్కువ పని కాదు. ఆ తీరంలో ఎక్కడ పాత మంచినీటి బావి ఉండేది, ముత్యాలకి వెళ్లేవాళ్లు పడవలు ఎక్కడ ఎండబెట్టేవారు, ఏ గవ్వల దిబ్బ కింద ఎన్ని పొరలున్నాయి, అన్నీ తిరిగి, కొలిచి, బొమ్మలు గీసి, ముసలి జాలర్లని వచ్చీరాని అరబ్బీలో అడిగి తెలుసుకుని, తెలుగులో వ్యాసాలు రాశారు. చదివేవాళ్లు పట్టుమని పదిమంది లేరు. అయినా ఆయనకి పట్టింపు లేదు. మా హాల్లో వెంకటేశ్వరస్వామి పటం పక్కన గడ్డం పెంచిన ఒక ఫ్రెంచి పెద్దమనిషి ఫోటో ఉంటుంది. నూట యాభై ఏళ్ల కిందట ఆయన తన జిల్లా దాటి ఎక్కడికీ పోకుండా, ఆ జిల్లాలో ఉన్న సమాధులన్నీ తవ్వి చరిత్ర రాశాడట. మా ఆయనకి ఆయన గురువు. నేను గడ్డం మామ అంటాను. పండగనాడు స్వామికి పెట్టిన దండలోంచి ఒక పువ్వు గడ్డం మామకి కూడా పెడుతుంటే మా ఆయన ఎంత మురిసిపోతారో.

తమాషా ఏమిటంటే, సమాధుల గురించి ఇంత రాసిన మనిషి ఒక్కసారి కూడా శ్మశానంలో అడుగుపెట్టలేదు. తండ్రి బతికుండగా కొడుకు అటు వెళ్లకూడదని మా అత్తగారి పట్టు. మా మామగారు ఎనభై దాటినా విజయవాడలో మా మరిది ఇంట్లో రోజూ పేపరు మొత్తం చదివి అందరి మీదా విసుక్కుంటూ నిక్షేపంగా ఉన్నారు. కాబట్టి స్నేహితులు పోయినా, మేనమామ పోయినా ఈయన వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి వచ్చేవారు. ఇక ఆడదాన్ని, నేను చూసే ప్రశ్నే లేదు. పోయినవాళ్లని తీసుకెళ్లాక అక్కడ ఏం చేస్తారో మా ఇద్దరికీ సరిగ్గా తెలియదు.

రెండు వేల ఇరవై రెండు ఏప్రిల్‌లో మా ఇంటికి ఆ కుండ వచ్చింది.

ఇసుకలోంచి తీసిన వస్తువేదీ నా గడప తొక్కకూడదని మొదటినుంచీ నా ఆజ్ఞ. పాతది దొరికితే మ్యూజియం వాళ్లకి చెప్పాలని ఇక్కడ చట్టం కూడా. ఇన్నేళ్లలో ఆయన ఒక్క గవ్వ కూడా తేలేదు. ఆ రోజు మాత్రం గుండెలకి హత్తుకుని తెచ్చారు. ముతక మట్టి కుండ. పొట్ట మీద మూడు చిల్లులు. ఉమ్ అల్ క్వైన్‌లో మూతపడిన లేబర్ క్యాంపు ఒకటుంది. దాని వెనక ఖోర్ వైపు చిన్న దిబ్బ కనిపించిందట. దిబ్బ చుట్టూ రాళ్లు, కింద కాలిన మన్ను, పక్కనే బోర్లా పడి సగం పూడిపోయిన కుండ.

"చట్టం గిట్టం అని నన్ను జైలుకి పంపిస్తారా ఏమిటి?" అని అరిచాను.

"నేల చదును చేయడానికి జెండాలు పాతేశారు ఉమా. రేపో ఎల్లుండో బుల్‌డోజర్ వస్తుంది. వ్యాసం రాసి నేనే తీసుకెళ్లి మ్యూజియంలో ఇస్తాను. ఇదేమిటో తెలుసా? చనిపోయినవాడితో పాటు కుండని కూడా చంపేవారు. కావాలని చిల్లులు పొడిచేవారు. ఇనుప యుగం!" ఇంత ఆనందం మా అబ్బాయి పుట్టినప్పుడు కూడా చూడలేదు. నోరు మూసుకుని బాల్కనీలో స్టూలు వేసి ఇచ్చాను.

మర్నాడు మధ్యాహ్నం బట్టలు ఆరేయడానికి వెళ్తే స్టూలు కింద తడి. కుండలో చుక్క నీళ్లు లేవు. పొట్ట మీది చిల్లుల్లోంచి మూడు సన్నటి ధారలు కారినట్టు గచ్చు మీద మూడు గీతలు. తుడిచాను. ఆ తరవాతి రోజూ అంతే. "ఉప్పునేలలో పడి ఉంది కదా, మట్టి ఉప్పు పీల్చుకుంది. గాలిలో చెమ్మ తగిలితే చెమరుస్తుంది" అని మా ఆయన చెప్పారు. నిజమే అయుంటుంది. కానీ గాలి పొడిగా ఉండి పెదాలు పగిలే రోజున కూడా చెమర్చింది. ఎప్పుడూ మిట్టమధ్యాహ్నమే. మా బాల్కనీ మీద వాలి నా ప్రాణం తీసే పావురాలు ఆ వారం నుంచి పక్కింటి రెయిలింగ్ మీద వాలడం మొదలుపెట్టాయి.

ఇంకొకటి. ఆయన ఆఫీసు నుంచి వచ్చి చొక్కా విప్పితే ఎడమ భుజం తడి. కుడి భుజం పొడిగా ఉండేది, వీపు పొడిగా ఉండేది. ఎడమ భుజం మాత్రం పిండితే నీళ్లు వచ్చేంత తడి. చెమట వాసన లేదు. బావి దగ్గరి తడి మట్టి వాసన. "ఏసీ కింద కూర్చుంటున్నారా?" అని అడిగితే, "అవును, సీటు మార్చారు" అని మొహం తిప్పుకున్నారు. అబద్ధమాడటం ఆ మనిషికి రాదు. ఆయనకీ భయం వేస్తోందని నాకు అప్పుడే తెలిసింది.

జులైలో ఒకరోజు లిఫ్ట్ దగ్గర పక్క ఫ్లాట్ కుబ్రా బేగం ఆపింది. హైదరాబాదావిడ, మంచి మనిషి, రంజాన్‌కి మాకు ఖీర్ పంపిస్తుంది. "ఉమా బెహెన్, మీ ఇంటికి మెహమాన్ ఎవరు వచ్చిండ్రు?" అంది.

"ఎవరూ రాలేదే."

"మరి దోపహర్ పన్నెండింటికి బాల్కనీలో నిలబడేది ఎవరు? సన్నగా ఉంటాడు, జవాన్ పిల్లగాడు. రెండు మూడు సార్లు చూసిన. సలాం చేస్తే పలకడు. గోడ దిక్కే చూస్తుంటాడు. ఎండలో చెప్పుల్లేకుండా నిలబడ్డాడు తల్లీ, కాళ్లు కాలవా? ఒక్క జత చెప్పులన్నా ఇవ్వరాదూ."

లిఫ్ట్ వచ్చింది, వెళ్లిపోయింది, మళ్లీ వచ్చింది. నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ మధ్యాహ్నం కుబ్రా బేగం ఇంట్లోనే కూర్చుని, ఆయన వచ్చాక ఆయన వెనకాలే ఇంట్లోకి వెళ్లాను. జరిగింది చెప్పి, కుండ రేపే మ్యూజియంలో ఇచ్చేయండి అని కాళ్లావేళ్లా పడ్డాను. "సెప్టెంబరులో సంఘంలో నా ఉపన్యాసం ఉంది. పోస్టర్ కూడా వేసేశారు. అదయ్యేదాకా ఓపిక పట్టు" అన్నారు. జన్మలో మొదటిసారి ఆయన్ని ఎవరో పిలిచి మైకు ఇస్తామన్నారు. ఇంకేమంటాను? బాల్కనీ తలుపుకి గడియ పెట్టి, బట్టలు ఇంట్లోనే ఆరేసుకున్నాను.

ఆ పోస్టర్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. కుండ ఫోటో పెద్దది, మా ఆయన ఫోటో చిన్నది. ఆగస్టులో ఒక సాయంత్రం ఆయన టీ తాగుతుంటే ఫోన్ వచ్చింది. కప్పు చేతిలో ఉందని స్పీకర్‌లో పెట్టారు.

"సార్, నా పేరు భోజన్న. మాది జగిత్యాల దిక్కు. ఉమ్ అల్ క్వైన్‌ల ఇటుకల ఫ్యాక్టరీల పనిజేస్త. గా కుండ మీ తాన్నే ఉన్నదా?"

"ఉందండీ. మీకు చరిత్ర మీద ఆసక్తా?"

అతను చాలా మెల్లగా అడిగాడు. "సార్, తప్పు వట్టకుండ్రి. మీ ఎడమ భుజం తడుస్తున్నదా?"

మా ఆయన ఫోన్ పెట్టేశారు. "ఎవడో తాగి మాట్లాడుతున్నాడు" అన్నారు. టీ అంతా సాసర్‌లోకి ఒలికిపోయింది. నాకు ఒళ్లు మండింది. ఆ చొక్కాలు ఉతికేది నేను! ఫోన్ లాక్కుని అదే నంబరుకి చేసి, "తడుస్తోందయ్యా. ఏప్రిల్ నుంచి తడుస్తోంది. నీకెలా తెలుసో మా ఇంటికి వచ్చి చెప్పు" అన్నాను.

వారం సెలవు నాడు వచ్చాడు. నలభై ఏళ్లుంటాయేమో, ఎండకి నల్లబడ్డ మనిషి. గుమ్మం బయట చెప్పులు విప్పి, వాటిని జాగ్రత్తగా పక్కపక్కన పెట్టి లోపలికొచ్చాడు. మంచినీళ్లు ఇస్తే తాగాడు గానీ సోఫాలో కూర్చోలేదు. బాల్కనీ తలుపు తీసి చూపించాను. కుండని చూసి చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"గిదే. నేనే మోసిన" అన్నాడు.

మా ఆయన కుర్చీ ముందుకి లాక్కున్నారు. "చూడు భోజన్నా, నువ్వేదో పొరబడ్డావు. ఇది రెండున్నర వేల ఏళ్ల కిందటిది. ఆ చిల్లులు చూశావా? రాతి మొనతో బయటి నుంచి లోపలికి తిప్పి..."

"స్క్రూడ్రైవర్ సార్" అన్నాడు భోజన్న. "మా రూముల ఖాదర్ హుస్సేన్ వొడిసిండు. మావోళ్లు ఎవ్వలు ముందటికి రాలె. కరోనా భయం. కుండ నర్సరీల కొన్న."

తరవాత చెప్పాడు. అతని తమ్ముడు రాకేశ్. తండ్రి లేడు, ఊళ్లో తల్లి అంజవ్వ. అన్నదమ్ములిద్దరూ ఇప్పుడు మూతపడిన ఆ క్యాంపులోనే ఉండేవారు. రెండు వేల ఇరవై జూన్‌లో తమ్ముడికి జ్వరం వచ్చి ఆసుపత్రికి తీసుకెళ్లారు. మళ్లీ రాలేదు. ఆ రోజుల్లో అక్కడే దహనం చేసేశారు, ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. "మొకం గూడ జూడలే సార్. ఫోన్‌ల జెప్పిన్రు, ఖలాస్. అవ్వ ఒక్కటే ఏడ్సుడు. కుండ దిప్పనిదె నా కొడుక్కు తొవ్వెట్ల దెలుస్తది అన్నది. క్వారంటైన్‌ల ఉన్నం, బైటికి వోరాదు. క్యాంపు ఎన్క దిక్కు, మిట్టమద్యాన్నం, ఇసుక కుప్పవోసి, సుట్టు రాళ్లు వెట్టి, తమ్ముని అంగి, పాయింటు దాని మీద పండవెట్టినం. నీళ్ల కుండ ఎడమ భుజం మీద వెట్టుకుని సుట్టు దిరిగిన. ఒక్కొక్క సుట్టుకు ఖాదర్ ఒక్కొక్క పొక్క వొడిసిండు. నీళ్లు కారుకుంట వొయినయ్. ఆఖర్న కుండను ఎన్కకు ఇడిసిపెట్టి అంగికి అగ్గి వెట్టిన. ఎన్కకు మర్లి జూడొద్దు గదా సార్. జూడకుంట రూముకు వొయినం."

"ఊళ్లో అయితే కుండ గట్టి నేల మీద పడి పగిలిపోతుందేమో" అన్నాను నేను. నాకే తెలియకుండా నోట్లోంచి వచ్చింది.

"గీడ ఇసుక అక్కా. మెత్తగ వడ్డది. పలగలే. మేం ఎవ్వలం జూడలే. మీ ఫోటో జూసినంకనే ఎరుక."

మా ఆయన, "అంగి ఏం రంగు?" అని అడిగారు.

"నీలం. అవ్వ కుట్టిచ్చి పంపింది."

మా ఆయన అప్పుడు బయటపెట్టారు. ఆ కాలిన మన్నులో ఆయనకి నీలం బొత్తాం ఒకటి దొరికిందట. ఎవరో పారేసిన చెత్త అనుకుని అవతలకి విసిరేశారట. చరిత్రలో ఇంత తల పండిన మనిషి, ఎదురుగా బొత్తాం కనిపిస్తుంటే ఇనుప యుగం అనుకున్నాడంటే ఏమనాలి? నాకు తిట్టాలనిపించింది, కానీ ఆయన్ని చూస్తే జాలేసింది. "ఇది చరిత్ర కాదు ఉమా. ఇది ఇంకా అవుతూనే ఉంది" అన్నారు. లేచి పక్క గదిలోకి వెళ్లి సత్యప్రసాద్ గారికి ఫోన్ చేశారు. కుండ మీద మాట్లాడనని, మంచినీటి బావుల మీద మాట్లాడతానని ఆయన చెప్పడం నాకు వినిపించింది. కారణం మీరు అడిగారు సత్యప్రసాద్ గారూ, అప్పుడు చెప్పలేదు. ఇదీ కారణం.

భోజన్న తన ఫోన్‌లో తల్లికి వీడియో కలిపాడు. అంజవ్వ సన్నగా, పళ్లు లేని నోటితో, తెరకి మరీ దగ్గరగా కనిపించింది. కుండ చూపించగానే ఏడవలేదు. "పలగలే గదా. నేను అప్పుడే అన్న. నా కొడుకు గీడికి రాలే, గాడికి వోలే, నడిమిట్ల నిలవడ్డడు. పలగ్గొట్టు బిడ్డా. నువ్వే పలగ్గొట్టాలె" అంది. ఆ ఒక్క మాటే మళ్లీ మళ్లీ అంది. భోజన్న "సరే అవ్వా" అని ఫోన్ పెట్టేసి, కుండని చూస్తూ నిలబడ్డాడు.

"ఇస్తే నా రూముకు కొంచవోత అక్కా" అన్నాడు.

"రూముకా? మీ అమ్మ ఏం చెప్పింది?"

అప్పుడు తల దించుకున్నాడు. "గా దినం సంది నా భుజం తడుస్తుండె అక్కా. ముందుగాల భయమైంది. ఎన్నో దిక్కుల తాయెత్తు గట్టిచ్చుకున్న. మల్ల అలవాటైంది. భుజం తడిసినప్పుడల్ల తమ్ముడు నా ఎన్కనే ఉన్నడు అనిపిచ్చేది. పనిజేస్తుంటె మాట్లాడెటోన్ని. మొన్న ఏప్రిల్‌ల ఒకదినం ఆరిపాయె. గప్పటిసంది నాకు ఒక్కటే గుబులు. వాడు ఎవ్వల ఎన్కవడి వొయిండో అని. సార్ తాన ఉన్నడని ఎర్కయింది. పలగ్గొడితె మొత్తానికే వోతడు గదా అక్కా."

కావాలంటే కుండ ఇచ్చి పంపేస్తే మా ఇంటి పీడ వదిలేది. మా ఆయన చొక్కా ఆరేది. ఆ ఆలోచన నాకు రాలేదని అనను. కానీ కుబ్రా బేగం చెప్పింది గుర్తొచ్చి కోపం ముంచుకొచ్చింది.

"నువ్వు వాడికి అన్నవి కాదూ? వాడు మిట్టమధ్యాహ్నం మా బాల్కనీలో చెప్పుల్లేకుండా నిలబడి ఉన్నాడట. పక్కింటావిడ చూసింది. కాళ్లు కాలవా అని పరాయి మనిషి జాలిపడింది. నీకు తోడు కావాలని వాణ్ణి ఎండలో నిలబెడతావా?" అని అడిగేశాను.

భోజన్న నా వైపు చూసి, గుమ్మం వైపు చూశాడు. పరుగులాంటి నడకతో వెళ్లి గుమ్మం బయట పక్కపక్కన పెట్టిన చెప్పులు రెండూ చేతుల్లోకి తీసుకున్నాడు. "గివి తమ్మునివే" అన్నాడు. "అంగి, పాయింటు వెట్టిన. చెప్పులు వెట్టలే. మనసు రాలే అక్కా. గప్పటిసంది నేనే ఏస్కుంటున్న." మా మెట్ల దగ్గర అలాగే కూలబడ్డాడు. ఆ రోజు ఇంటికి వట్టికాళ్లతో వెళ్తానన్నాడు. మా ఆయన బలవంతంగా తన చెప్పులు ఇచ్చి పంపారు.

మరుసటి ఆదివారం అందరం ఆ క్యాంపు దగ్గరికి వెళ్లాం. ఆడవాళ్లు అక్కడికి రాకూడదంటారు. ఆ మాట నాతో అనే ధైర్యం ఆ రోజు ఎవరికీ లేకపోయింది. మా ఆయన వేసుకున్న ఇస్త్రీ చొక్కా లిఫ్ట్ దిగేసరికే తడిసింది. కుండ నా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. దారి పొడుగునా నా చీర తడుస్తూనే ఉంది. ఫ్యాక్టరీ దగ్గర భోజన్నా, ఖాదర్ హుస్సేనూ ఎక్కారు. ఖాదర్ హుస్సేన్ పెద్దాయన, నిజామాబాద్ మనిషి, ఎక్కుతూనే నాకు "సలాం అమ్మా" అని, తరవాత పెదాలు కదుపుతూ తనలో తాను ఏదో చదువుకున్నాడు.

క్యాంపు గేటు పీకేశారు. గదుల తలుపులు లేవు. నేల చదును చేసే పని సగంలో ఆగిపోయి ఉంది. ఎండ తెల్లగా ఉంది, నీడ అనేది ఎక్కడా లేదు. గాలి లేదు. ఖోర్ నీళ్లు కూడా కదలడం లేదు. క్యాంపు వంటగది కూల్చగా మిగిలిన సిమెంటు గచ్చు ఒకటి దిబ్బకి కొంచెం ఇవతల ఉంది. ఈసారి ఇసుక మీద వద్దని ఖాదర్ హుస్సేన్ ఆ గచ్చు చూపించాడు. భోజన్న గచ్చు మధ్యలో కొత్త నీలం చొక్కా పరిచాడు. దాని కింది వైపు ఆ చెప్పులు రెండూ జతగా, ముందు కొసలు ఖోర్ వైపు ఉండేలా పెట్టాడు.

మా ఆయన క్యాన్‌లోంచి కుండ నిండా నీళ్లు పోశారు. పోస్తుండగానే మూడు చిల్లుల్లోంచి ధారలు మొదలయ్యాయి. భోజన్న కుండని ఎడమ భుజం మీదికి ఎత్తుకున్నాడు. ఆ క్షణంలోనే మా ఆయన ఆరిపోయిన తన ఎడమ భుజం తడుముకుని, ఉలిక్కిపడి నా వైపు చూశారు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

భోజన్న తిరుగుతున్నాడు. వట్టికాళ్లు. గచ్చు ఎలా కాలుతోందో నా చెప్పుల్లోంచి కూడా తెలుస్తోంది. ఖాదర్ హుస్సేన్ స్క్రూడ్రైవర్ చేతిలో పట్టుకుని వెనకాలే నడుస్తున్నాడు. చిల్లులు ఎప్పుడో పడిపోయాయి, అయినా ఒక్కో చుట్టుకీ ఒక్కో చిల్లుని మొనతో తాకుతున్నాడు. ఆఖరి చుట్టు అయింది. భోజన్న మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. నిలబడ్డవాడు నిలబడిపోయాడు. నీళ్లు అన్నీ కారిపోయాయి. కుండ ఖాళీ అయినా వదలడం లేదు. వేళ్లు కుండ మూతికి బిగిసిపోయి ఉన్నాయి. పెదాలు కదులుతున్నాయి, తమ్ముడితో మాట్లాడుతున్నాడని అర్థమైంది.

మా ఆయన ముందుకు వెళ్లారు. జీవితమంతా దొరికినదాన్ని దాచాలని, భద్రం చేయాలని తపించిన మనిషి, భోజన్న పక్కన నిలబడి చాలా మామూలుగా, "వదిలెయ్ నాయనా. ఇక చాలు" అన్నారు.

భోజన్న వదిలాడు. చప్పుడుకి నేను చెవులు మూసుకున్నాను. పెంకులు గచ్చంతా చిందాయి. చొక్కాకి అగ్గి పెట్టి, చూపు పక్కకి తిప్పకుండా నడవడం మొదలుపెట్టాడు. ఖాదర్ హుస్సేన్ వెనకాల. వాళ్ల వెనక మా ఆయన. ముగ్గురూ మెడ బిగించి కారు వైపు నడుస్తున్నారు.

నన్ను ఎవరూ వెనక్కి చూడొద్దనలేదు. నేను అసలు అక్కడ ఉండాల్సిన మనిషినే కాదు. అందుకని చూశాను.

చొక్కా కాలుతోంది, పొగ నిటారుగా లేస్తోంది. మనిషన్నవాడు లేడు. ఒక్క చెప్పు మాత్రం ఇందాక పెట్టిన చోట లేదు. రెండోదానికి అడుగు దూరంలో, ఖోర్ వైపు, ముందుకి ఉంది. గాలి లేదని ముందే రాశాను. పెంకు ఏదైనా తగిలి జరిగిందా అంటే నాకు తెలియదు. వేరే ఏమీ చూడలేదు. చూడాలనిపించలేదు కూడా. గబగబా కారు దగ్గరికి నడిచాను.

అందరం కారెక్కాం. పెద్ద రోడ్డు ఎక్కాక భోజన్న ముందు సీటులోంచి, తల తిప్పకుండానే అడిగాడు.

"అక్కా, నువ్వు జూసినవ్ గదా. ఎవ్వలన్న ఉన్నరా?"

మా ఆయన అద్దంలోంచి నా వైపు చూశారు.

"ఎవరూ లేరయ్యా" అన్నాను. "వెళ్లిపోయాడు."

భోజన్న తల ఊపాడు. కాలిన అరికాళ్లు రెండూ సీటు మీదికి తీసుకుని, మోకాళ్ల మధ్య మొహం పెట్టుకుని, తమ్ముడు పోయిన కబురు ఇప్పుడే తెలిసినట్టు ఏడవడం మొదలుపెట్టాడు. ఖాదర్ హుస్సేన్ వెనక సీటులోంచి చెయ్యి చాపి అతని ఎడమ భుజం పట్టుకున్నాడు. మేం కారు ఆపలేదు.